సిమెంటు తీసేశాక మా పెరడు

పెన్నకు ఉత్తరపు ఒడ్డున ఉన్న కోవూరులో ముప్పై ఒక్క సంవత్సరాలు దస్తావేజులు రాసి జీవించినవాణ్ణి నేను. తూర్పు ఫలానా వారి ఇల్లు, దక్షిణం పంచాయతీ బజారు, పడమర ఫలానా వారి ఖాళీ స్థలం, ఉత్తరం కాలువ పోరంబోకు అంటూ చెక్కుబందీలు రాయడంలో నా శ్రద్ధను ఊరిలో అందరూ మెచ్చుకునేవారు గాని, ఆ నాలుగు హద్దుల నడుమ నేల మీద ఏమి తిరుగుతుందో, ఏమి వాలుతుందో ఏనాడూ చూసినవాణ్ణి కాను. సొంత ఇంటి విషయంలోనూ అంతే. మా ఇంటి వెనుక తొమ్మిది అంకణాల పెరడు ఉంది. నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు కనుక అది 648 చదరపు అడుగులు. 2009లో ఇంటికి రంగులు వేయించినప్పుడు దానినంతటినీ సిమెంటు చేయించాను. బురద ఉండదు, పాములు రావు, ఊడ్చుకోవడం తేలిక అని చూసినవారందరూ అన్నారు. ఒక మూల నిమ్మ చెట్టు, గోడవార కరివేపాకు, నీళ్ల తొట్టి పక్కన జామ, ఈ మూడింటి మొదళ్ల చుట్టూ మూరెడు మేర మాత్రం మట్టి మిగిలింది.

2018లో, రోహిణి కార్తె ప్రవేశించిన రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నం రెండు గంటలకు నీళ్ల కోసం వెనుక తలుపు తీశాను. చెప్పులు లేకుండా కాలు పెట్టలేనంతగా సిమెంటు కాలుతోంది. తొట్టి మీద కుళాయి ఎప్పటినుంచో కారుతూ ఉండేది. బొట్టు కింద పడగానే ఆవిరైపోతోంది. ఆ కుళాయి మెడ మీద ఒక గోరువంక నిలబడి ఉంది. ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి ఆనకుండా కాస్త ఎడంగా పట్టుకుని రొప్పుతోంది. బొట్టు ఊరి కిందకు జారబోయే సమయానికి తలను పూర్తిగా పక్కకు వంచి, కుళాయి పెదవి దగ్గరే దానిని ముక్కుతో అందుకుంటోంది. రెండు బొట్లు దొరికితే మూడోది జారిపోతోంది. నన్ను చూసి కూడా అది ఎగిరిపోలేదు. అయిదు నిమిషాలు నేను గడపలోనే నిలబడిపోయాను. ఆ కుళాయిని బాగు చేయించమని మా ఆవిడ ఆరు నెలలుగా చెబుతోంది. అది బాగు చేయించనందుకు నేను సంతోషించిన రోజు అదొక్కటే.

ఆ సాయంత్రమే ఒక ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్లు పోసి పెరటి నడుమ పెట్టాను. అది నేను చేసిన మొదటి తప్పు. మూడో రోజు ఉదయం అందులో ఒక పిగిలిపిట్ట, అంటే బుల్‌బుల్, పిల్ల తేలుతూ కనబడింది. టబ్బు లోతు దాదాపు అడుగు, లోపలి గోడ నున్నగా ఉంటుంది. అంచు మీద నుంచి జారిన పిల్లకు గోరు ఆనే చోటు లేదు. రెండో తప్పు గింజలు వేయడం. ఇంటర్నెట్‌లో చూసి, గింజలు పోసి వేలాడదీసే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెప్పించి, నూకలు, సజ్జలు నింపి కట్టాను. వారం తిరగకుండా పావురాలు దిగాయి. అవి నేల మీద చల్లిన గింజల కోసం రాత్రిళ్లు ఎలుకలు వచ్చాయి. ఎలుకల వెనుక ఒక జెర్రిపోతు వచ్చింది. జెర్రిపోతు విషం లేనిదే గాని, ఆ సంగతి పొడవాటి పామును తెల్లవారుజామున బట్టలుతికే రాయి మీద చూసిన మనిషికి చెప్పి ఒప్పించడం కష్టం. "మీరు పిలిచింది పిట్టల్నా, పందికొక్కుల్నా?" అని మా ఆవిడ అడిగింది. నేను జవాబు చెప్పలేదు, డబ్బా విప్పేశాను.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మా బావమరిది కావలిలో ఉంటాడు. ఆగస్టులో వరలక్ష్మీ వ్రతానికి వచ్చినప్పుడు నా గోడు విని, పెరటిలోకి వెళ్లి చుట్టూ చూసి, "ఇక్కడ పురుగేది బావా?" అన్నాడు. పురుగులు లేకుండా ఉంచుకోవడమే గొప్ప అనుకునే ఇంట్లో ఆ ప్రశ్న మాకు వింతగా తోచింది. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు తొలి రోజుల్లో పెట్టేది గింజలు కాదనీ, మెత్తని పురుగులనీ, పిల్లలను పెంచుకోలేని చోటికి పిట్ట దాహానికి వస్తుందేమో గాని ఉండిపోదనీ అతను వివరించాడు. మన ఇళ్లలో పిచ్చుకలు తగ్గడానికి పెంకుల సందులు, తాటాకు చూరులు పోవడం ఎంత కారణమో, ఇంటి చుట్టూ మట్టీ పొదా పోయి పురుగు దొరకకపోవడమూ అంత కారణమని అతని అభిప్రాయం. వెళ్లేటప్పుడు, "ముందు ఈ సిమెంటు పగలగొట్టించు, మిగతాది తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

పగలగొట్టించడానికి ఇద్దరు మనుషులకు రెండు రోజులు పట్టింది. సిమెంటు పెళ్లలు తోలడానికి ఒక ట్రాక్టరు మాట్లాడాను. ఇది వేయించినప్పుడు అయిన ఖర్చు, తీయించినప్పుడు అయిన ఖర్చు కలిపి చూసుకుని ఒక పూట అన్నం సరిగా తినలేదు. తొట్టి దగ్గరనుంచి బట్టలుతికే రాయి వరకు నడవడానికి వీలుగా రెండడుగుల వెడల్పున మాత్రం సిమెంటు ఉంచాను. కింద మట్టి సున్నపుతెట్టెలా గట్టిపడి ఉంది, గునపం దిగలేదు. నీళ్లు పెట్టి నానబెట్టి, తవ్వి, రెండు బండ్ల పశువుల ఎరువు కలిపి, వానల కోసం ఆగాము. మా జిల్లాకు అసలు వానలు అక్టోబరులో మొదలయ్యే ఈశాన్య రుతుపవనానివే కదా. అప్పటికి నేల సిద్ధమైంది.

మొక్కల ఎంపికలో బావమరిది చెప్పినవి కొన్ని, నర్సరీలో మనసు పడి తెచ్చినవి కొన్ని. మనసు పడి తెచ్చినవాటిలో సగం, అంటే రంగురంగుల ఆకుల విదేశీ మొక్కలు, ఏ పిట్టకూ పనికి రాలేదు; వాటి మీద ఒక గొంగళిపురుగైనా పాకగా నేను చూడలేదు. పనికి వచ్చినవి మన పాత మొక్కలే. ముద్ద మందారం తీసి రేక మందారం పెట్టాము, ఎందుకంటే తేనెపిట్టకు రేక మందారంలోనే దారి దొరుకుతుంది. గోడవార గోరింట కంచె, మూలలో మునగ, బొప్పాయి రెండు, దొండ పాదు. కరివేపాకును చిన్నప్పటినుంచి ఆకు కోసమే చూసినవాణ్ణి. దానిని కోయడం తగ్గించి పూతకు వదిలితే నల్లని చిన్న పండ్లు గుత్తులుగా వస్తాయనీ, ఆ పండ్ల కోసం పిగిలిపిట్టలూ కోకిలలూ పోటీ పడతాయనీ అరవై ఏళ్లు దాటాక తెలిసింది. ఇప్పుడు గోడ పక్కన ఎక్కడపడితే అక్కడ కరివేపాకు మొలకలు వస్తున్నాయి. అవి ఎవరు నాటారో చెప్పనక్కర లేదు.

నిమ్మ చెట్టు దగ్గర నాకు అసలైన చదువు అబ్బింది. లేత ఆకుల మీద ఏటా ఏదో పురుగు పడితే, దుకాణంలో ఇచ్చిన మందు కొట్టడం నాకు అలవాటు. ఆ సంవత్సరం కొట్టవద్దన్నారు కనుక ఊరుకున్నాను. ఒక ఉదయం లేతాకు మీద పిట్ట రెట్ట కనబడితే పుల్లతో తీయబోయాను. అది కదిలింది. నలుపు గోధుమరంగు మీద తెల్లని చార, పైన తడి మెరుపు, అచ్చం రెట్టలాగే ఉన్న గొంగళిపురుగు అది. నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. చిన్నప్పుడు ఆ వేషంలో ఉండి పిట్టల కన్ను కప్పుతుందట. కాస్త పెద్దదై వేషం విప్పి ఆకుపచ్చగా మారగానే దర్జీ పిట్ట దాని కోసం వచ్చింది. బొటనవేలంత పిట్ట, నిటారుగా నిలబెట్టిన తోక, తుప్పురంగు నెత్తి. పురుగును ముక్కున పట్టుకుని కొమ్మకేసి ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి, మళ్లీ ఎడమకు ఒకసారి కొట్టి, మెత్తబడిందో లేదో చూసుకుని మింగింది. మందు డబ్బాలో సగం మిగిలే ఉంది గాని, మరి దాని మూత తీయలేదు. చెట్టుకు మూడో వంతు లేతాకు పోయింది. కాయలు మాకు సరిపోయినన్ని కాశాయి.

నీళ్ల పాత్ర కుదరడానికి ఏడాది పట్టింది. దీని గురించి కాస్త విపులంగా చెబుతాను, ఎందుకంటే పిట్టల కోసం ఒక్క పని మాత్రమే చేయగలిగిన ఇంటివారు చేయవలసింది ఇదే. పాత్ర మట్టిదై ఉండాలి, వెడల్పుగా ఉండాలి. మేము వాడేది మట్టి మూకుడు. లోపలి భాగం గరుకుగా ఉంటే గోళ్లకు పట్టు దొరుకుతుంది. నీటి లోతు రెండంగుళాలు దాటకూడదు, అంచు దగ్గర అంగుళమే ఉండాలి. నడుమ ఒక గరుకు రాయి పెడితే చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి. పొదను ఆనించి పెడితే పిల్లి పొంచి ఉంటుంది. పూర్తిగా ఆరుబయట పెడితే పిట్ట ధైర్యం చేయదు, పైగా నీళ్లు కాగుతాయి. జామ కొమ్మ నీడ పడేలా, పొదకు ఏడెనిమిది అడుగుల దూరంలో, నడుమెత్తు రాతి స్తంభం మీద పెట్టాక మాకు కుదిరింది. రోజూ ఉదయం పాత నీళ్లు చెట్టుకు పోసి, కొబ్బరి పీచుతో తోమి, కొత్త నీళ్లు పోయాలి. సబ్బు వద్దు. రోజూ పారబోస్తే దోమ పిల్లలకు ఎదిగే వ్యవధి ఉండదు. వారం వదిలేస్తే ఇంట్లోవాళ్లకే జ్వరాలు వస్తాయి.

మూకుడు దగ్గర ఒక వరుస ఉంటుంది. తెల్లవారగానే గుంపుగా వచ్చేవి పసుపు ముక్కు, తెల్లని కళ్లు ఉన్న మట్టిరంగు పిట్టలు, బాబ్లర్లంటారు. ఎప్పుడూ ఆరో ఏడో కలిసి ఉంటాయి. ఒకటి కొమ్మ మీద కాపలా ఉంటే మిగతావి ఒకదాని తర్వాత ఒకటి దిగి స్నానం చేసి, కొమ్మ మీద భుజాలు రాసుకుంటూ కూర్చుని ఒకదాని మెడ ఒకటి దువ్వుకుంటాయి. అవి రేపే గోలకు పక్కింటివారు నన్ను తిట్టుకున్నారు. తొమ్మిదికి పిగిలిపిట్టలు. పదిన్నరకు కాకి ఎక్కడిదో రొట్టె ముక్క తెచ్చి నీళ్లలో నానబెట్టుకుంటుంది. ఒకసారి చేప తల తెచ్చింది, ఆ రోజు మూకుడు రెండుసార్లు తోమవలసి వచ్చింది. మధ్యాహ్నం గువ్వలు. గువ్వ తల ఎత్తకుండా ముక్కు ముంచి పీల్చుకుంటూ తాగుతుంది. కోడిలా గుటక వేసి తల పైకెత్తే అవసరం దానికి లేదు. సాయంత్రం అయిదు దాటాక పసలపోలిగాడు, అంటే ఇంగ్లీషులో డ్రాంగో అనే నల్లని పిట్ట, వస్తాడు. ఆయన మూకుడు మీద వాలడు. కొమ్మ మీదనుంచి ఏటవాలుగా దూకి, పొట్ట నీటికి తగిలించి, ఆగకుండా పైకి లేచిపోతాడు.

పేర్ల గురించి ఒక మాట. పసలపోలిగాడు, పిగిలిపిట్ట, నల్లంచి, వంగపండు, పైడికంటె అన్న పేర్లను మా జేజి నోట విన్నాను, తర్వాత మరిచిపోయాను. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్న జెర్డన్ అనే తెల్లదొర ఇక్కడి పక్షులను పరిశీలించి, ఇంగ్లీషు పేర్లతో పాటు మనవాళ్లు పిలిచే తెలుగు పేర్లను కూడా రాసిపెట్టాడనీ, ఆ పేర్లు ఈనాటికీ పక్షిశాస్త్ర గ్రంథాలలో ఉన్నాయనీ బావమరిది చెప్పినప్పుడు నాకు సిగ్గు వేసింది. ఆస్తి వివరాలను పేరు తప్పు లేకుండా రాయడమే వృత్తిగా బతికినవాణ్ణి, నా ఇంట్లో వాలిన పిట్టను "ఏదో నల్ల పిట్ట" అనేవాణ్ణి.

నా దస్తావేజుల బల్లను వెనుక కిటికీ దగ్గరకు జరుపుకుని ఒక పాత రిజిస్టరులో రాయడం మొదలుపెట్టాను. తేదీ, వేళ, పిట్ట, ఎన్ని, ఏం చేసింది. 2021 ఫిబ్రవరి 4 పేజీలో "తేనెపిట్ట, ఆడది, దండెం తీగకు సాలెగూడు చుట్టుచున్నది" అని ఉంది. అక్కడినుంచి నలభై రెండు రోజుల పాటు మా ఇంట్లో తీగ మీద బట్ట ఆరలేదు.

గూడు కట్టింది ఆడపిట్ట ఒక్కటే. మగది, ఊదారంగు గొంతు, ముదురు ఎరుపు వీపు, పసుపు పొట్టతో మెరుస్తూ, పక్కన మందార కొమ్మ మీద కూర్చుని కూయడమే గాని ఒక్క నార తెచ్చిన పాపాన పోలేదు. మొదటి రెండు రోజులు సాలెగూడు దారాలు తెచ్చి తీగకు చుట్టింది. తర్వాత ఎండుగడ్డి పోచలు, ఎండుటాకు ముక్కలు, చెట్టు బెరడు పొట్లు వేలాడదీస్తూ సోరకాయ ఆకారానికి తెచ్చింది. ఒక పక్కన గుండ్రని ద్వారం, దానిపైన వాన పడకుండా చిన్న చూరు. లోపల దూది పరచి, తాను దూరి, రొమ్ముతో నలువైపులా నెట్టి వెడల్పు చేయడం బయటికి కనబడేది. గూడు మొత్తం ఊపిరి తీసుకుంటున్నట్టు ఉబ్బి తగ్గేది. పైపైన పురుగుల లద్దెలు, సాలీడు గుడ్ల సంచుల తొక్కలు అంటించింది. దూరంనుంచి చూస్తే తీగకు చిక్కుకున్న చెత్త అనుకుంటాము, అదే దాని ఉద్దేశం. ద్వారం కింద భాగంలో ఒక తెల్లని నూలు దారం రెండు చుట్లు తిరిగి ఉంది. అది నేను దస్తావేజులు కుట్టే దారం. కిటికీ కింద పడిన ముక్కను ఏరుకుపోయిందన్నమాట. నేను కుట్టిన కాగితాలు కోర్టులలో, బీరువాలలో చాలా ఉన్నాయి గాని, వాటిని చూసి నాకు ఇంత గర్వం కలగలేదు.

మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అయినా రోజూ బట్టలు డాబా మీదకు తీసుకెళ్లి ఆరవేసింది. సాలెగూళ్లు దులిపే చీపురును అటకెక్కించింది కూడా ఆమే. "పాపం దానికి తాళ్లు కావాలి కదా" అన్నది. గూడు పూర్తయ్యాక పిట్ట లోపల కూర్చునేది. ద్వారంలోనుంచి వంకర ముక్కు మాత్రం బయటికి కనబడేది. దగ్గరకు వెళ్లి లోపలికి చూడాలన్న కోరికను చాలా కష్టం మీద అణచుకున్నాను, ఎందుకంటే మనం ఎక్కడ తచ్చాడతామో కాకి గమనిస్తూ ఉంటుంది. పదిహేను రోజుల తర్వాత మగదానికి బాధ్యత గుర్తొచ్చింది. ఇద్దరూ చిన్న సాలీళ్లు, పురుగులు తెచ్చి పెట్టడం మొదలైంది. తేనెపిట్ట అన్న పేరు విని తేనె తాగించి పిల్లలను పెంచుతుందనుకున్నాను. మార్చి 17 ఉదయం రెండు పిల్లలూ అరగంట తేడాతో బయటపడి గోరింట పొదలో చేరాయి. ఆ గూటిని ఇప్పటికీ తీయలేదు. దండెం తీగ మాత్రం మరో చోట కట్టుకున్నాము.

ఆ మగపిట్టే నెల రోజుల తర్వాత నా స్కూటరు అద్దంతో యుద్ధానికి దిగింది. అద్దంలో కనబడేది తన హద్దులోకి వచ్చిన మరో మగపిట్ట అని దాని లెక్క. రోజంతా ముక్కుతో పొడిచి, అద్దం నిండా రెట్టలు చేసి, తిండి కూడా మరిచింది. హద్దు తగాదాలు నాకు కొత్త కావు గాని, ఇంత పట్టుదల గల కక్షిదారును చూడలేదు. రెండు అద్దాలకూ గుడ్డ సంచులు తొడిగితే సద్దుమణిగింది.

అన్నీ ఇలా సుఖంగా ముగియలేదు. 2020 ఏప్రిల్‌లో పిగిలిపిట్ట పిల్ల ఒకటి నేల మీద గెంతుతూ కనబడితే, గూటిలోనుంచి పడిపోయిందనుకుని చెప్పుల పెట్టెలో పెట్టి, మెత్తని అన్నం నోట పెట్టాను. తెల్లవారేసరికి చనిపోయింది. ఈకలు వచ్చి గెంతగలిగే పిల్ల దారి తప్పినది కాదనీ, ఎగరడం నేర్చుకునే రెండు మూడు రోజులు అలా నేల మీదే ఉంటుందనీ, తల్లిదండ్రులు అక్కడికే వచ్చి తినిపిస్తాయనీ, ప్రమాదం ఉందనిపిస్తే దగ్గరలోని పొదలో పెట్టి వచ్చేయడమే మనం చేయదగినదనీ తర్వాత తెలుసుకున్నాను. ఈకలు రాని పిల్ల అయితే గూటిలో తిరిగి పెట్టవచ్చు. మనిషి తాకిన వాసనకు తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు. నేను దానిని పెట్టెలో పెట్టిన సాయంత్రమంతా రెండు పెద్ద పిట్టలు నోట పురుగులతో జామ చెట్టు చుట్టూ తిరిగాయి. వాటిని చూస్తూనే ఉన్నాను, అర్థం కాలేదు.

పిల్లి బెడదకు పొదల మొదట్లో రేగు కంప పరిచాము. పిచ్చుకల కోసం పెట్టెలు చేయించాను. ద్వారం అంగుళంపావు ఉండాలన్నారు, అలాగే చేయించాను. అవి పడమటి ఎండకు కాలుతున్నాయని గ్రహించి ఉత్తరపు చూరు కిందకు మార్చేసరికి రెండేళ్లు గడిచాయి. పిచ్చుకలు వచ్చాయి గాని, పెట్టెలో కాదు, కరెంటు మీటరు వెనుక కాపురం పెట్టాయి. గుమ్మానికి కట్టిన వరి కంకుల కుచ్చును మాత్రం నాలుగు రోజుల్లో ఖాళీ చేశాయి.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పక్షులను లెక్కించే కార్యక్రమం ఉంది. 1998లో అమెరికాలో మొదలై, 2013నుంచి అన్ని దేశాలకూ విస్తరించింది. కనీసం పదిహేను నిమిషాలు ఒక చోట కూర్చుని కనబడినవి, వినబడినవి రాసి ఫోనులో పంపితే చాలు. చెన్నైలో ఉన్న మా అమ్మాయి నా ఫోనులో దానిని అమర్చి ఇచ్చింది. 2022లో నేను పంపిన మొదటి జాబితాలో 17 రకాలు ఉన్నాయి. పాలపిట్ట అందులో చేరుతుందా లేదా అని చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే అది కాలువ పక్కన కరెంటు తీగ మీద కూర్చుంది, మా హద్దులోకి రాలేదు. కనబడితే చాలునని మా అమ్మాయి తీర్పు చెప్పింది. తలపైన ఎత్తుగా బారు తీరి పోయిన గూడబాతులను, అంటే పెలికన్లను, కూడా అలాగే చేర్చాను. అవి గూళ్లు పెట్టే నేలపట్టు 1976నుంచి రక్షిత పక్షి కేంద్రం. 2022 ఏప్రిల్‌లో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి పోయింది. కాగితం మీద అవి మా జిల్లా పక్షులు కావు గాని, ఆకాశంలో ఆ మార్పు నమోదైనట్టు లేదు.

లెక్క కోసం కూర్చున్న ఆ పదిహేను నిమిషాలు నాకు అలవాటుగా మారాయి. కదలకుండా కూర్చోవడం కూడా నేర్చుకోవలసిన పనే. ముదురు రంగు చొక్కా వేసుకుని, ఒకే కుర్చీలో, ఒకే వేళకు కూర్చుంటే వారం పది రోజుల్లో పిట్టలు మనలను తొట్టిలా, రాయిలా ఒక సామానుగా లెక్కవేస్తాయి. ఒకసారి నల్లంచి నా చెప్పు అంచు మీద వాలి, తోక రెండుసార్లు పైకెత్తి, నన్ను చూడనైనా చూడకుండా చీమను పట్టుకుపోయింది.

ఇక అతి విలువైన అతిథి సంగతి. 2022 అక్టోబరులో, రాత్రంతా వాన కురిసిన మర్నాడు, జామ చెట్టు కింద ఎండుటాకులు గరగరలాడితే తొండ అనుకున్నాను. ఆ మూల ఆకులు ఊడ్చవద్దని అప్పటికే పనిమనిషికి చెప్పి ఉన్నాము. నిజానికి ఆమె అందుకు ఎంతో సంతోషించింది. ఆకుల కిందనుంచి ఒక పిట్ట గెంతి బయటికి వచ్చింది. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. ఆకుపచ్చ వీపు, భుజాన మెరిసే నీలం, లేత పసుపు రొమ్ము, తెల్లని గొంతు, కంటి మీదుగా నల్లని పట్టె, తోక కింద కుంకుమ పూసినట్టు ఎరుపు. ఒక ఆకును ముక్కుతో పక్కకు విసిరేసి, కింద ఉన్న ఎర్రను లాగి, మళ్లీ నాలుగు గెంతులు వేసి ఇంకో ఆకు విసిరింది. ఫోనులో తీసిన ఫోటో మసకగా వచ్చినా, కావలికి పంపగానే బావమరిది ఫోను చేశాడు. ఇరవై ఏళ్లుగా దానిని చూడాలని తిరుగుతున్నాడట. గొంతులో కాస్త అసూయ వినబడింది.

హిందీవారు దానిని నవరంగ్ అంటారు. ఉదయం సాయంత్రం ఆరింటి వేళ రెండు స్వరాలతో ఈల వేస్తుంది కనుక తమిళులు ఆరుమణి కురువి అంటారు. వేసవి చివర, వానాకాలంలో హిమాలయాల పాదాల దగ్గర, మధ్య భారతంలో పిల్లలను చేసుకుని, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ రాత్రిళ్లు ఎగురుతూ పోతుంది. దారిలో అలసి ఊళ్లలో, పెరళ్లలో దిగుతుంది. శాస్త్రజ్ఞులు ఈ జాతికి పెట్టిన పేరు పిట్టా. అది మన మాటే. తెలుగులో ప్రతి చిన్న పక్షినీ పిలిచే పిట్ట అన్న మాటను తీసుకుని, లాటిన్ పేర్ల నడుమ నిలబెట్టి, ఆఫ్రికానుంచి ఆస్ట్రేలియా వరకు ఉన్న దాని బంధువులందరికీ పెట్టారు.

అది మూడు రోజులు ఉంది. ఆ మూడు రోజులూ వెనుక తలుపు చప్పుడు చేయకుండా ఉండాలని మా ఆవిడ గొళ్లేనికి గుడ్డ చుట్టింది. రెండో రోజు సాయంత్రం ఆరుకు అయిదు నిమిషాలు ఉండగా ఈల వేసింది. తమిళుల గడియారం కంటే కాస్త ముందున్నదని రిజిస్టరులో రాసుకున్నాను. నాలుగో రోజు ఆకులు కదల్లేదు. 2023లో రాలేదు. 2024లో అక్టోబరు 19న ఒక్క ఉదయం కనబడి, ఎండెక్కకముందే వెళ్లిపోయింది. ఆ మూల ఆకులు ఇప్పుడు మడమ లోతున పేరుకున్నాయి. దీపావళికి ఇల్లంతా కడిగించిన మా ఆవిడ, పనిమనిషి చీపురు పట్టుకుని అటు నడుస్తుంటే వంటింటిలోనుంచే కేకవేసి ఆపింది.